మట్టిలోని మాడలు

పూర్వచరిత్రకు ఆధారములేవి యని యడిగినచో శాసనములు, తాళపత్రములు, దేవాలయములు అని పెద్దలు చెప్పుదురు. నాణెమును చిట్టచివర తలచుకొందురు, ఒక్కొక్కప్పుడు తలచుకొనరు. అయినను శాసనము చెక్కినచోటనే నిలిచియుండును. ఆలయము కట్టినచోటనే యుండును. నాణెము మాత్రము నడచును. రాజు చేతినుండి సైనికునకు, సైనికుని చేతినుండి కోమటికి, కోమటి చేతినుండి కాపునకు పోయి, తుదకు ఏ పొలము గట్టుననో జారి మట్టిలో కలిసి, వందలయేండ్ల తరువాత నాగటికఱ్ఱుకు తగిలి మరల వెలుగు చూచును. తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనబోటి కుటుంబములకు నాణెము కథ కొంత మన కథవంటిదే. అందుచే ఈ సంచికలో నాణెములను గూర్చి, వానిని మట్టిలో వెదకు వ్యాసంగమును గూర్చి, దానిలోని మేలు కీడులను గూర్చి మాకు తెలిసినంత విన్నవింపనెంచితిమి.

మాటలలో మిగిలిన నాణెములు

ముందుగా మన నోటిలోని మాటలనే చూతము. మనము 'డబ్బు' అందుము. కన్నడిగులు 'దుడ్డు' అందురు. తమిళులు 'కాసు' అందురు, 'పణము' అందురు. ఇవి యన్నియు నేడు ధనమునకు సామాన్యనామములైనవి గాని, ఒకప్పుడు వేర్వేరు నాణెముల పేర్లు. డబ్బు, దుడ్డు, కాసు రాగినాణెములు. పణము మిక్కిలి చిన్నదగు బంగారు లేక వెండి నాణెము. మన పూర్వులు రూకలని, మాడలని, గద్యాణములని, వరహాలని లెక్కించిరి. వరహా యను పేరు చాళుక్యుల వరాహలాంఛనమునుండి పుట్టినది. అణాకు పండ్రెండు దమ్మిడీలు, రెండణాలకు ఒక బేడ, నాలుగణాలకు పావలా అను లెక్క 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి వచ్చువరకు మన యిండ్లలో నడచినది.

'చిల్లిగవ్వ లేదు' అను పలుకుబడి వెనుకను చరిత్ర యున్నది. గవ్వలు నిజముగనే నాణెములుగా చెల్లినవి. ఒడిశాలో 19వ శతాబ్ది ఆరంభమువరకు గవ్వలే సామాన్యుల ధనము. శిస్తును వెండి రూపాయలలోనే కట్టవలెనను కుంపణీ నిర్బంధము, 1817 నాటి పైకుల తిరుగుబాటునకు దారితీసిన కారణములలో నొకటి. గంజాము ప్రాంతపు మన సోదరుల ఇండ్లలో పాత గవ్వలసంచి యున్నచో, అది పిల్లల యాటవస్తువు మాత్రమే కాదని గ్రహింతురుగాక.

మనమున్న సీమలు, మన సీమల నాణెములు

మహారాష్ట్రమునుండి యారంభింతము. నాసికు సమీపమున జోగళ్‌తంబి యనుచోట 1906లో ఒక గొప్ప వెండి నాణెముల నిధి దొరకినది. అందు పదమూడు వేలకు పైగా నాణెములుండెను. అన్నియు క్షహరాత నహపానుని నాణెములే. అయితే వానిలో తొమ్మిది వేలకు పైబడినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. జయించినవాడు ఓడినవాని ధనమును కరగింపక, వాని ముఖముమీదనే తన చిహ్నమును ముద్రించినాడు. శాతవాహనుడు నహపానుని జయించెననుటకు ఇంతకంటె ప్రత్యక్షసాక్ష్య మేమి కావలెను? ఆ కుండ దొరకినవారు దానిని రహస్యముగ కంసాలి మూసలో వేసియున్నచో, మనకు దక్కునది కొన్ని వీసెల వెండి. పోవునది ఒక యుద్ధముయొక్క చరిత్ర.

శాతవాహనులే మరియొక వింతను విడిచిపోయిరి. వాసిష్ఠీపుత్ర పుళుమావి మొదలగువారి వెండి నాణెములపై ఒకవైపు రాజుముఖము, ప్రాకృత లేఖనము, రెండవవైపు ద్రావిడభాషాలేఖనము. అందు ప్రాకృతమందలి 'స' కారమునకు బదులు 'కు' అను విభక్తియు, కుమారుడను అర్థమున 'మకన' అను పదమును కానవచ్చుచున్నవి. ఇది తమిళమని కొందరు, తెలుగు కన్నడములకు దగ్గరగు దక్షిణాపథపు పలుకని కొందరు పండితులు వాదించుచున్నారు. తమిళనాట నున్న తెలుగువారు ఈ వాదమును విని కలహింప పనిలేదు. రెండువేల యేండ్లకు కొంచెము తక్కువగా, ఒకే నాణెముపై రెండు భాషలు చెరియొకవైపు కూర్చుండి కలహింపలేదు గదా!

కర్ణాటకమున మనకు విజయనగర నాణెములు సన్నిహితములు. తొలి రాజుల నాణెములపై హనుమంతుడు, గరుడుడు. అచ్యుతరాయల వరహాపై ముక్కులతోను గోళ్ళతోను ఏనుగులను పట్టిన గండభేరుండము. తిరుమలరాయల నాణెముపై సీతారాములు. కృష్ణదేవరాయల వరహాపై కూర్చున్న బాలకృష్ణుని పలువురు గుర్తించినారు. ఇచట నొక విశేషము. ఆముక్తమాల్యదను తెలుగున రచించిన యా సార్వభౌముడు వరహాపై తన పేరును నాగరిలిపిలో వ్రాయించెను. పలు భాషల ప్రజలుండు సామ్రాజ్యములో నాణెము ఏ యొక్క భాషవారిదియు కాదని యాయన యెంచెనేమో. వరహా తూకము సుమారు మూడున్నర గ్రాములు. దానిలో పదియవవంతు పణము. కందిబద్దంత యుండు ఆ పణము నేలజారినచో మరల కంటబడుట దుర్లభము. అందుచేతనే నేటికిని పాత ఊళ్ళ దిబ్బలలో వానలు వెలిసిన పిదప పణములు పైకి తేలుచుండును.

గంజాము, పూరీ సీమలలో కుషాణుల నాణెముల ననుకరించిన మొరటు రాగినాణెములు కుప్పలుగా దొరకినవి. వానిని పండితులు పూరీ కుషాణు నాణెములందురు. తరువాతి గాంగరాజుల చిన్నబంగారు పణములపై ఒకవైపు పండుకొనిన నంది, వేరొకవైపు అంకుశము, రాజ్యవర్షమును తెల్పు అంకె. ఆ యంకెలు మన తెలుగు అంకెల తీరునకు దగ్గరివి. ఇక తూర్పు చాళుక్యులగు శక్తివర్మ, రాజరాజనరేంద్రుల బంగారు మాడలు సముద్రము దాటి అరకాను తీరమునను, సయాము దేశమునను దొరకినవి. నన్నయభట్టును ఆదరించిన రాజు నాణెము బర్మా తీరపు మట్టిలో దొరకినదనగా, ఆనాటి తెలుగు వర్తకులు ఎంతదూరము పోయిరో ఊహింపవచ్చును.

పుదుచ్చేరినుండి వచ్చిన ఫ్రెంచివారి దుడ్లపై ఒకవైపు వారి రాజచిహ్నమగు పుష్పము, మరియొకవైపు తమిళాక్షరములలో ఊరి పేరు. తెలుగువారుండు యానాము 1954లో భారతదేశములో కలియువరకు ఫ్రెంచి పాలనలోనే యుండెను. అచటి పాతయిండ్ల పెట్టెలలో ఈ దుడ్లు కానవచ్చినచో ఆశ్చర్యము లేదు.

చెన్నపట్టణపు కుంపణీవారు మన లిపిని మరువలేదు. 1807 మొదలు వారు కొట్టించిన అరవరహా, పావువరహా వెండినాణెములపై ఒకవైపు చుక్కల నడుమ గోపురము, రెండవవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టును తమిళ, తెలుగు అక్షరములు. చుక్క వరహాకు నలుబదిరెండు పణములు, పణమునకు ఎనుబది కాసులు. మూడున్నర రూపాయలు ఒక వరహా. ఆపై 1907నుండి చెలామణియైన అంచులు వంకరలు తిరిగిన అణా బిళ్ళపై ఇంగ్లీషుతోపాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపులలో విలువను ముద్రించిరి. 'ఒక అణా' అని మన యక్షరములున్న ఆ బిళ్ళ కరాచీనుండి రంగూనువరకు చెల్లినది. స్వాతంత్ర్యానంతరము నాణెములపై తెలుగు లేదు. నోటుమీది భాషల పట్టికలో మాత్రమున్నది.

ఉద్యోగము కాని ఉద్యోగము

ఈ నాణెములచరిత్రను వెలికితీసినవారిలో చాలమంది జీతమునకై పనిచేసినవారు కారు. కర్నలు కాలిన్ మెకంజీ భూములను కొలుచుచు తిరిగినప్పుడే కైఫీయతులతోపాటు ఆరువేలకు మించిన నాణెములను ప్రోగుచేసెను. ఆయనకు కన్నులును చెవులునై దారి చూపినవారు ఏలూరువారగు కావలి వెంకట బొఱ్ఱయ్య, ఆయన సోదరులు. ఉత్తర సర్కారుల కమీషనరుగా నుండిన సర్ వాల్టర్ ఎలియట్ తన సేకరణ నాధారముగా చేసికొని దక్షిణదేశపు నాణెములపై 1886లో గ్రంథము వెలువరించెను. సైనికోద్యోగియగు టఫ్నెల్ 1889లో దక్షిణదేశమున నాణెములు సేకరించువారికొరకే యొక చిన్నపుస్తకమును వ్రాసెను.

మన కాలమునను అట్టివారు లేకపోలేదు. చెన్నపట్టణమున పత్రికాసంపాదకులుగా నుండిన ఆర్. కృష్ణమూర్తిగారు కరూరు, మధుర ప్రాంతపు నదీగర్భములనుండి వెలువడిన నాణెములను పరిశీలించి, సంగకాలపు చేర పాండ్యుల పేర్లున్న నాణెములను లోకమునకు తెల్పిరి. అంతకుముందు ఆ రాజులు చాలవరకు కావ్యములందే యుండిరి. మన తెలంగాణమున గోదావరి యొడ్డునగల కోటిలింగాలలో ధర్మపురివారగు సంగనభట్ల నరహరిశర్మ మొదలగు ఔత్సాహికులు వాన కడిగిన మట్టిలో ఏరిన నాణెములను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి, గోబద, నారన, సమగోప అను రాజుల పేర్లను, శాతవాహన వంశస్థాపకుడగు సిముకుని నాణెములను ప్రకటించిరి. ఊరిలోని ఒక మనిషి వంగి ఏరిన రాగిబిళ్ళ, ఒక రాజవంశపు తొలి అధ్యాయమైనది. అతడు ఏ బిళ్ళను ఎచట ఏరినాడో చెప్పగలిగినాడు గనుకనే యట్లయినది. ఈ మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెను.

లోహశోధకయంత్రము

ఇపుడు మట్టిలో వెదకుటకు యంత్రములు వచ్చినవి. లోకమున దీనిని మెటల్ డిటెక్టరందురు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహములో దిగిన తూటాను వెదకుటకు గ్రాహంబెల్ ఇట్టి సాధనమును ప్రయోగించి విఫలుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున నేలలో పాతిన మందుపాతరలను కనుగొనుటకు ఇది వృద్ధిపొందినది. కఱ్ఱకు చివర నుండు తీగచుట్టలో విద్యుత్తు దిశ మార్చుకొనుచు ప్రవహించును. దానివలన పుట్టిన అయస్కాంతక్షేత్రము నేలలోనికి దిగి, అచట లోహమున్నచో దానిలో చిన్న సుడులవంటి విద్యుత్తును పుట్టించును. ఆ స్పందనను యంత్రము ధ్వనిగా మార్చి చెవికి వినిపించును. వెండి, రాగి, బంగారము ఒకతీరున, ఇనుము వేరొకతీరున పలుకును. ఒంటి నాణెమైనచో జానెడులోతు దాటినపిదప వినబడుట కష్టము. ఇనుపపాలు హెచ్చుగానున్న ఎఱ్ఱనేలలును, సముద్రతీరపు నల్లయిసుకయు యంత్రమును కలవరపెట్టును.

హోసూరు పరిసరములందలి బంధువుల రాగిచేలలో, వారి యనుమతితో, ఇరువదియేండ్లకు పైబడి మేమీ వ్యాసంగమును సాగించుచున్నాము. దీనిలో నిధి కంటె నిరీక్షణ ఎక్కువ. యంత్రము మ్రోగిన ప్రతిసారియు కూర్చుండి త్రవ్వినచో ఎద్దులాడములు, మేకులు, సీసామూతలు, విరిగిన కొడవలిముక్కలు వచ్చును. అపుడపుడు నడుమ చిల్లుగల 1943-47 నాటి కానీలు, వంకర అంచుల అణాలు. ఎంతో యరుదుగా, ఆకుపచ్చని త్రుప్పు పట్టిన రాగికాసు. దానిపై ఏనుగు కనబడినచో అది మైసూరుది. హైదరు, టిప్పులును, పిదప కృష్ణరాజ ఒడయరును ఏనుగు కాసులు ముద్రించిరి. బారామహలు 1792లోను, హోసూరుభాగము 1799లోను మైసూరునుండి కుంపణీకి పోయినవి. ఒకే చేనిలో మైసూరు ఏనుగు ఒక మడినుండియు, తెలుగక్షరముల కుంపణీ డబ్బు పక్కమడినుండియు లేచినపుడు, రాజ్యము చేతులు మారిన సంగతిని పుస్తకములో చదువుటకు మారుగా చేతిలో పట్టుకొన్నట్లుండును.

చేనిగట్టున వచ్చిపోవువారు నిలిచి అడుగు ప్రశ్న యొకటే. "ఏమప్పా, నిధి దొరికిందా?" అని ఒక అవ్వ నవ్వుచు అడుగును. "నిధి కాదవ్వా, పాతకాసు" అని చూపినచో, "దీనికా ఇంత ఎండలో!" అని తల యాడించి పోవును. ఆ నవ్వు అమాయకమైనదే. కాని 'నిధి' యను మాట అంత అమాయకమైనది కాదు. దాని మత్తులో పడినవారు గుప్తనిధులకై పాడుబడిన గుళ్ళ గర్భాలయములను త్రవ్వుచున్నారు, నందివిగ్రహములను పగులగొట్టుచున్నారు. కర్ణాటకమునను, రాయలసీమలోను ఇట్టి గోతులులేని పాతగుడి కొండ అరుదు. బంగారము దొరకదు, గుడి మాత్రము పోవును. యంత్రమును చేతబట్టినవాడు ఈ కీర్తిలో పాలుపంచుకొనరాదు.

ఆ పరదేశపు పాఠము

1992 నవంబరులో ఇంగ్లాండున హోక్స్‌నే యను పల్లెలో ఒక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొని, లోహశోధకయంత్రముగల తన మిత్రుని వెదకిపెట్టుమనెను. ఆ మిత్రుడు ఎరిక్ లాస్. సుత్తికి బదులు అతనికి రోమను బంగారు, వెండి నాణెములు తగిలినవి. కొంత త్రవ్వి, ఇది సామాన్యము కాదని గ్రహించి, అతడు చేయి నిలిపి అధికారులకు వార్త పంపెను. పురాతత్త్వజ్ఞులు వచ్చి, తక్కినదానిని మట్టిగడ్డతోనే యెత్తి నిదానముగా విడదీసిరి. పదునాలుగువేల ఎనిమిదివందలకు మించిన నాణెములు, వెండిపాత్రలు, నగలు, అవి యుండిన పెట్టెయొక్క ఆనవాళ్ళుకూడ తెలిసినవి. ఆ నిధికి బ్రిటిషు వస్తుసంగ్రహాలయము పదిహేడున్నర లక్షల పౌన్లు చెల్లించినది. లాస్ దానిని రైతుతో పంచుకొనెను. వెదకి దొరికిన సుత్తియు నేడు అదే సంగ్రహాలయములో నున్నది. ఆ మనుష్యుని గొప్పతనము నిధిని కనుగొనుటలో లేదు. త్రవ్వుట మానుటలో నున్నది.

చట్టము చెప్పునది

మనదేశమున చట్టము దీనికి తగినట్లే యున్నది, తెలిసినవారే తక్కువ. 1878 నాటి నిధి చట్టము ప్రకారము నేలలో దాగియుండి దొరికినది పదిరూపాయల విలువ మించినచో, దొరికినవాడు వస్తువు లెట్టివో, ఎంతయో, ఏ చోట, ఏ దినమున దొరికెనో వ్రాతమూలముగా కలెక్టరునకు తెల్పవలెను. దానికి యజమాని లేడని తేలినచో, వేరు ఒడంబడిక లేనపుడు మూడుపాళ్ళు దొరికినవానికిని, ఒకపాలు భూమి యజమానికిని చెందును. ప్రభుత్వము తీసికొనదలచినచో, లోహపు విలువయు, దానిపై అయిదవవంతును చెల్లింపవలెను. దాచినవానికి తన పాలు పోవుటేగాక, ఏడాదివరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును కలుగవచ్చును. కొన్ని రాష్ట్రములకు వేరు చట్టములును కలవు. తమ సీమలో నమలులోనున్నదానిని విచారించుకొనవలెను. 1958 నాటి చట్టముచే రక్షితస్థలములలో అనుమతి లేక త్రవ్వుట నేరము. కనుక హంపివంటి చోట్ల యంత్రముతో తిరుగుట మాట తలపెట్టనే రాదు. 1972 నాటి పురావస్తు చట్టముచే నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువగును. దానిని ప్రైవేటువారు విదేశమునకు పంపరాదు.

మన కుటుంబములు చేయవలసినది

పొలములో దొరకునది కొందరికే. ఇంటిపెట్టెలో నున్నది చాలమందికి. మన యిండ్లలో కాసులపేరు అను హారముండును. దానిలో ఒక్కొక్కప్పుడు అచ్చమైన వరహాలు, పాత సవరనులు గ్రుచ్చియుండును. ఆడపడుచు పెండ్లికి పాతనగను క్రొత్తనగగా మార్పించునపుడు అవి మూసలో పడును. తరుగుపోగా మిగిలిన బంగారము తిరిగి చేతికి వచ్చును, నాణెము రాదు. పాతసామాను కొనువారు రాగికాసులను గిన్నెలతోపాటు తూకమున కొనుకొందురు. మాకు తెలిసిన యొక యింట తాతలనాటి కాసులు దోసెడు ఇట్లే సేరు లెక్కన పోయినవి. ఆ యింటివారు ఏ యూరినుండి వలసవచ్చిరో చెప్పు వేరు సాక్ష్యమేదియు ఆ యింట మిగులలేదు.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. నాణెము దొరకినంత మాత్రమున మన వంశము అచటిదని తీర్మానింపరాదు. నాణెము వర్తకునితో నడచును, సైనికునితో నడచును, దొంగతోను నడచును. గాంగపణము మధురలో దొరకినచో కళింగమునుండి ఎవరో వచ్చిరనుట నిజము. వారు మన తాతలే యనుట నిజము కాకపోవచ్చును. అయితే, ఇది మా తాతమ్మ పుట్టింటివారు విజయనగరమునుండి దక్షిణమునకు దిగినప్పటినుండి మూటలో నుంచినది అని ఇంటిలో చెప్పుకొను మాటయు, నాణెమును కలిసి యున్నపుడు ఒకదాని నొకటి బలపరచును. ఆ మాట పోయినచో నాణెము మూగది. నాణెము పోయినచో ఆ మాట పుక్కిటిపురాణము.

కావున చేయవలసినది కొంచెమే. పాతనాణెమును చింతపండుతో, బూడిదతో తోమి మెఱయింపరాదు. తోమినచో పైపొర పోయి అక్షరములు అరుగును. కాగితపు పొట్లములో విడివిడిగా నుంచి, ప్రతిదానిపై ఎవరి యింటిది, ఏ యూర దొరికినది, ఎవరు చెప్పిరి అని వ్రాసిపెట్టవలెను. తూకమును, రెండువైపుల చిత్రమును తీయవలెను. చదువరాని లిపియున్నచో దగ్గరి ప్రభుత్వ వస్తుసంగ్రహాలయమునకు కొనిపోయి చూపవలెను. చెన్నపట్టణమున 1851లో స్థాపింపబడిన సంగ్రహాలయమున నాణెముల శాఖ కలదు. నేలలో దొరికినదైనచో కలెక్టరునకు తెలుపవలెను. మన సంఘముల వార్షికోత్సవములలో పాటలపోటీలు, నాటకములు జరుపుచున్నాము. వానితోపాటు ఇంటింటి పాతనాణెముల పట్టికను వ్రాయించుట కేమి కష్టము? నాణెములను సంఘమునకు ఇయ్య నక్కఱలేదు. వానిని గూర్చి యింటిపెద్దలు చెప్పినదానిని వ్రాసియిచ్చిన చాలును.

మాట్లాడు భాష తరమునకొక మాట చొప్పున జారిపోవుచున్నదని మనము చింతించుచున్నాము. అది నిజమే. అయితే మన పిల్లలు తెలుగులిపిని చదువుట మఱచిన యిండ్లలోను, పెట్టె అడుగున 'ఒక అణా' అను నాలుగక్షరములు నిలిచియున్నవి. వారి చేతికి ఆ బిళ్ళ నిచ్చి, ఆ నాలుగక్షరములను చదివింపుడు. అక్షరాభ్యాసమునకు అంతకంటె మంచిపలక దొరకదు.